ఇన్న

కాక పచ్చ బటన్ నొక్కాడు. స్టార్టర్ టక్కుమని పట్టింది, అమ్మీటరు ముల్లు లేచి నిలబడింది. నా లెక్కలో పని అయిపోయినట్టే. ఆయన మాత్రం రెండడుగులు పక్కకు జరిగి, పైపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అర నిమిషం దాటాక ఫోన్ తీసి, "ఏసిన. నీళ్లెక్కుతున్నయ్" అని అవతలివాళ్లకి చెప్పాడు.

"మోటారు ఎప్పుడో స్టార్టయింది కదా కాకా, ఇంతసేపు ఎందుకు ఆగావ్?" అన్నాను.

"మోటర్ తిరిగితే నీళ్లొచ్చినట్టా బిడ్డా? ఉత్త పైపు అదురుతది. నీళ్లెక్కితే సల్లవడ్తది. సల్లవడ్డంకనే ఏసిన అనాలె."

తెలంగాణలో ఒక పల్లె అది. ఊరి మంచినీళ్ల బోరు చెరువు కట్ట కింద ఉంది, ట్యాంకు ఊరి నడుమ ఉంది. మధ్యలో కిలోమీటరున్నర దారి. ట్యాంకు అడుగంటిందని ఊళ్లోంచి ఫోన్ వస్తే కాక మోటారు వెయ్యాలి. నిండిందని ఫోన్ వస్తే ఆపాలి. కరెంటు పోయి అర్ధరాత్రి వచ్చినా, వాన కొడుతున్నా టార్చిలైటు పట్టుకుని ఆయనే వెళ్లాలి. వాళ్ల నాయన ఆ చెరువుకే నీరటి. తూము ఎత్తి ఏ మడికి ఎంత నీరు పారించాలో చూసినవాడు. కొడుకు చేతికి తూముకు బదులు స్టార్టర్ డబ్బా వచ్చింది.

ఆ మోటారును ఫోన్ మెసేజ్‌తో నడిపే చిన్న కంట్రోలర్ చేసిపెట్టమని నన్ను పిలిచారు. ఈ పెద్దాయన రాత్రి నడకలు తప్పుతాయని సంతోషంగా ఒప్పుకున్నాను. పని మొదలుపెట్టే ముందు వారం రోజులు ఆ మోటారు గదిలో ఆయన పక్కనే కూర్చున్నాను.

సామాను చిన్నదే. ఒక ఆర్డుయినో నానో బోర్డు. దాని మీదున్న ఏటీమెగా 328పీ చిప్‌లో ప్రోగ్రాముకు 32 కిలోబైట్ల చోటు, పని చేసుకోవడానికి 2048 బైట్ల ర్యామ్. మెసేజ్‌లు అందుకోవడానికి సిమ్800 మాడ్యూల్. వాటి మధ్య మాటలకు రెండు తీగలు, ఒకటి చెప్పడానికి, ఒకటి వినడానికి. వేగం 9600 బాడ్. ఒక్కో అక్షరానికి ముందొక స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, వెనకొక స్టాప్ బిట్, అంటే పది బిట్లు. సెకనుకు 960 అక్షరాలు. అంతకుమించి ఆ తీగల మీద ఏ మాయా లేదు.

సిమ్ మాడ్యూల్‌తో మాట్లాడే భాష 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్‌తో మొదలైంది. ముందు "ఏటీ" అనాలి. అటెన్షన్ అనే మాటకు అది పొట్టిరూపు. అవతల ఎవరైనా ఉంటే "ఓకే" అంటుంది. ఆ తర్వాతే అసలు సంగతి. ఈ ముక్క చెప్తే కాకకు వింతగా అనిపించలేదు. "చెరువు అవతలోణ్ణి పిలిచినా అంతే కదా. ముందుగాల ఓయ్ అనాలె. ఆడు ఓయ్ అన్నంకనే ముచ్చట" అన్నాడు.

అప్పటినుంచి నా నోటు పుస్తకంలో ఎడమ పేజీలో కాక మాట, కుడి పేజీలో నా కోడు రాసుకుంటూ పోయాను.

మొదటిది, మాట మొత్తం వినడం. నేను ముందు రాసిన ప్రోగ్రాములో కమాండ్ కోసం 32 బైట్ల చోటు పెట్టాను. అంతకన్నా పొడవైన మాట వస్తే మిగతాది వదిలేసి, పట్టినంత మేరకు పని చేసేది. మరో తప్పు కూడా ఉంది. మధ్య మధ్య డిలే పెట్టి చిప్‌ను ఒక్కో సెకను నిద్రపుచ్చాను. సీరియల్‌లో వచ్చిన అక్షరాలు ప్రోగ్రాము తీసుకునేదాకా ఆగే గది 64 బైట్లదే. సెకనుకు 960 చొప్పున వస్తుంటే సెకనులో పదిహేనో వంతులో అది నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చినవన్నీ గాలికి పోయినట్టే.

ఇది కాకకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే, ఆయనే ఒక వానరాత్రి సంగతి చెప్పాడు. ఊళ్లో మెయిన్ పైపు పగిలింది. గుంట తవ్వి ఇద్దరు మనుషులు లోపలికి దిగారు. కాకకు ఫోన్ వచ్చింది. సిగ్నల్ తెగి తెగి వస్తోంది. "కాకా, మోటర్ వెయ్" అని వినబడింది.

"బటన్ మీద ఏలు వెట్టిన బిడ్డా. ఎందుకో మనసొప్పలె. మల్ల ఫోన్ జేసిన. వెయ్యకు అన్నడట ఆడు. నాకు వెయ్ అన్నకాడికే ఇనొచ్చింది. మన మాటల వద్దు అనేది కొసకొస్తది. కొస ఇనకుండ కదలొద్దు."

ఆ రాత్రి కూర్చుని ఆ భాగమంతా తిరగరాశాను. డిలేలన్నీ తీసేశాను. అక్షరం వచ్చిందల్లా తీసి దాచడం, లైను ముగిసిందనే గుర్తు వచ్చాకే అర్థం చూడడం. కొన్ని పరికరాలు లైను చివర 13వ నంబరు గుర్తు పంపుతాయి, కొన్ని 10వది, కొన్ని రెండూ. టెలిప్రింటర్ల కాలంలో బండిని ఎడమ అంచుకు తేవడానికొకటి, కాగితం పైకి జరపడానికొకటి ఉండేవి. అవే ఇప్పటికీ మన తీగల్లో పారుతున్నాయి. ఏది వచ్చినా లైను ముగిసినట్టే తీసుకుని, వెంట వచ్చే రెండోదాన్ని వదిలేసేలా రాశాను. ఇంగ్లిషు అక్షరాల మెసేజ్ పొడవు 160 కాబట్టి, కాస్త వెసులుబాటుతో 200 బైట్ల చోటిచ్చాను. అదీ దాటితే సగం మాట మీద పని చెయ్యదు. మొత్తం పారేసి, మళ్లీ పంపమంటుంది.

రెండోది, అంకె. "ఆన్ 30" అని ఇంగ్లిషు అక్షరాల్లో పంపితే మోటారు 30 నిమిషాలు నడిచి ఆగాలి. అక్షరాలను అంకెగా మార్చడానికి సి భాషలో అందరూ వాడే ఏటీఓఐ ఫంక్షనే వాడాను. దానికి అంకె బదులు అక్షరాలు అందితే సున్నా అని జవాబిస్తుంది. నిజంగా సున్నా అని పంపినా సున్నాయే. నా ప్రోగ్రాములో సున్నా అంటే "చెప్పేదాకా ఆపొద్దు" అని పెట్టుకున్నాను. కాక ఫోన్ నుంచి పరీక్షిస్తూ అంకె ఉండాల్సినచోట ఓ అనే అక్షరం కొట్టాడు. మోటారుకు బదులు బల్ల మీద పెట్టిన ఎర్ర దీపం వెలిగింది. ఎంతసేపు చూసినా ఆరలేదు.

"అంకె సమజ్ గాకుంటే అడగాలె గని, మనసుకొచ్చిన లెక్క వెట్టుకోవద్దు" అన్నాడు.

అంకె చదవడం ఎక్కడ ఆగిపోయిందో కూడా చూపించే ఎస్‌టీఆర్‌టీఓఎల్‌కు మారాను. అంకె వెనక ఒక్క అక్షరం మిగిలినా మోటారు కదలదు. ఒకటి నుంచి 120 వరకే ఒప్పుకుంటుంది. సున్నాకు ప్రత్యేకమైన అర్థమేదీ లేకుండా చేశాను.

మూడోది, జవాబు. కాక ఫోన్‌లో మాట్లాడే తీరు నాలుగు రోజులు గమనించాక గానీ నాకు పట్టుబడలేదు. ఎవరు ఏం చెప్పినా ఆయన ముందు అనే మాట ఒక్కటే, "ఇన్న." అంతే. చేస్తానని కాదు, చేశానని కాదు, నీ మాట నాకు చేరిందని. పని అయ్యాక మళ్లీ తనే ఫోన్ చేసి "ఏసిన" అంటాడు. కాకపోతే ఎందుకు కాలేదో చెప్తాడు. ఫేజు పోయిందనో, ఓల్టేజి లేదనో.

"రెండుసార్లు ఎందుకు కాకా? పని అయ్యాక ఒక్కసారి చెప్తే చాలదా?"

"నడుమ అర్ధగంట ఆయన ఏమనుకోవాలె? ఇన్నడో ఇనలేదో అని పానం కొట్టుకుంటది. ఇన్న అంటే ఆయన గుండె నిమ్మళమైతది. ఏసిన అంటే కడుపు సల్లగైతది. రెండు యేరు."

కమాండ్ ఇంటర్‌ఫేస్‌ల గురించి నేను చదివినదంతా ఈ రెండు మాటల్లో ఉంది. చాలా పరికరాలు కమాండ్ అందగానే ఓకే అంటాయి. ఆ ఓకేని చూసి పని అయిందని మనం నమ్ముతాం. కాంటాక్టర్ పట్టినా ఒక ఫేజు లేకపోతే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. తిరిగినా బోరులో నీళ్లు లేకపోతే ఉత్తదే. అందుకే నా యంత్రానికి కాక తీరే పెట్టాను. లైను సరిగ్గా అందితే వెంటనే "ఇన్న". మోటారు తీగల్లో కరెంటు ఎంత పారుతోందో చూసి, ఆపైన పైపులో బిగించిన ప్రెషర్ స్విచ్ కలిశాకే "ఏసిన. నీళ్లెక్కుతున్నయ్". కాక అరచేతి పని ఆ స్విచ్‌కి ఇచ్చాను.

జవాబు మాటలు "విన్నాను", "వేశాను" అని రాస్తే కాక ఒప్పుకోలేదు. "ఊల్లె ఎవలంటరు గట్ల? ఇన్న అని వెట్టు." అలాగే పెట్టాను. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం ఇంగ్లిషువి. తెలుగు అక్షరాల్లో అయితే ఒక మెసేజ్‌లో 70 గుర్తులే పడతాయి. పైగా కమాండ్లు ఎలాగూ ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

కాకకు ఆ అక్షరాలు నింపాదిగా కూడబలుక్కుంటే వస్తాయి. తెలుగులో రాయాలంటే మాత్రం ఆయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడతాడు, అదే రాసిపెడుతుంది. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి రోజూ రాత్రి అలాగే పంపేవాడు. పని దగ్గర వినడానికి వాడికి వీలుండదట, చదువుకుంటాడట. "దీనికి మాత్రం తెలుగు రాదు కాకా" అంటే, "నేర్సుకుంటది తియ్యి, కొత్త కదా" అన్నాడు.

నాలుగోది, తెలియనిదాని సంగతి. అర్థం కాని కమాండ్ వస్తే నా మొదటి ప్రోగ్రాము ఏమీ అనేది కాదు. మౌనంగా ఉండిపోయేది. కాక దగ్గర కూర్చున్నాక అది తప్పని తెలిసింది. "అర్థం కాలె" అని జవాబు పెట్టి ఆయనకు చూపించాను. చదివి, తల అడ్డంగా ఊపాడు.

"అర్థం కాలె అని ఊకుంటే ఎట్ల బిడ్డా? అడిగినోడు యాడికి వోవాలె? ఏమడిగితే నీకు సమజైతదో అది గుడ చెప్పు."

అందుకని ఇంకో ముక్క కలిపాను. "అర్థం కాలె. హెల్ప్ అని పంపండి." హెల్ప్ అని పంపితే తనకు తెలిసిన కమాండ్లన్నీ వరసగా చెప్తుంది. తలుపు దగ్గరికొచ్చిన ఏ మనిషినీ ఉత్త చేతులతో పంపకూడదన్నట్టు. నేను రాసిన కోడులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

యంత్రం ఎవరి మాట పడితే వాళ్ల మాట వినకుండా, ఒప్పుకున్న ఫోన్ నంబర్ల జాబితా ఒకటి పెట్టాను. వచ్చిన ప్రతి మాటా, ఇచ్చిన ప్రతి జవాబూ తేదీ, టైముతో మెమరీ కార్డు మీద పడుతుంది. ఎవరు పంపారో పక్కనే ఒక అంకె ఉంటుంది. పరీక్షలన్నీ కాక ఫోన్ నుంచే చేశాం కాబట్టి ఒకటో నంబరు ఆయనది.

జూన్ మధ్యలో బిగించాం. మొదటి కమాండ్ కాకతోనే పంపించాను. ఆయన వేపచెట్టు కింద నిలబడి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "ఆన్ 30" కొట్టాడు. పంపిన కాసేపట్లోనే ఫోన్ మోగింది. "ఇన్న."

"నా మాటే నాకు జెప్తుందిరా!" అని మనసారా నవ్వాడు. గదిలో స్టార్టర్ పట్టిన చప్పుడు. అలవాటుగా లోపలికి వెళ్లి పైపు మీద అరచెయ్యి పెట్టాడు. పైపు చల్లబడింది. ఆయన నోరు తెరిచేలోపే ఫోన్ మళ్లీ మోగింది. "ఏసిన. నీళ్లెక్కుతున్నయ్." కాక అరచెయ్యి తీసి తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"ఇంక రాత్రిళ్లు హాయిగా పడుకోవచ్చు కాకా" అన్నాను.

"మంచిది బిడ్డా" అన్నాడు.

మళ్లీ ఆ ఊరు వెళ్లింది అక్టోబరులో. యంత్రం బాగా పనిచేస్తోందని, పక్క ఊళ్లకు కూడా చేసిపెట్టమని కబురొచ్చింది. మోటారు గదికి తాళం వేసి ఉంది. ఎవరో కుర్రాడు తాళంచెవి తెచ్చి ఇచ్చి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. లోపల కాక కూర్చునే పీట లేదు. టార్చిలైటు వేలాడే మేకు ఉత్తిగా ఉంది. మనిషికి ఇన్నాళ్లకు విశ్రాంతి దొరికిందనుకున్నాను. పని ముగించుకుని సాయంత్రం ఇంటికి వెళ్లి కలవాలని, ఆయనకిష్టమని పావుకిలో మైసూర్‌పాక్ కూడా తెచ్చాను.

కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. కమాండ్ ఇంటర్‌ఫేస్ చేసేవాడు మొదట చూడాల్సింది సరిగ్గా నడిచిన కమాండ్లను కాదు, తిరగ్గొట్టిన వాటిని. జనం ఏం చెప్పాలనుకున్నారో, మనం ఏం వినలేకపోయామో అక్కడే తెలుస్తుంది. అందుకని "అర్థం కాలె" అని జవాబిచ్చిన లైన్లు మాత్రం వడగట్టాను. కొన్ని అచ్చుతప్పులు. కొన్నిట్లో అంకెకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. ఒకరు "మోటర్ వెయ్" అనే పంపారు. దాన్నీ కమాండుగా కలపాలని రాసుకున్నాను.

వాటి నడుమ జూన్ 30, సాయంత్రం ఆరు దాటాక వచ్చిన ఒక పొడవాటి లైను కనబడింది. అందులో మాట లేదు. అంకెలూ కొన్ని ఇంగ్లిషు అక్షరాలూ కలగాపులగంగా 164 గుర్తులు. పక్కన పంపినవారి అంకె, ఒకటి.

తీగలో చెత్త చేరిందేమో అనుకున్నాను. పరికించి చూస్తే నాలుగేసి గుర్తులకొకసారి 0సి, 0సి, 0సి అని అదే మొదలు. అప్పుడు వెలిగింది. తెలుగు అక్షరాల్లో మెసేజ్ వస్తే సిమ్ మాడ్యూల్ అక్షరాలకు బదులు వాటి యూనికోడ్ నంబర్లు రాస్తుంది. మన అక్షరాలన్నీ 0సితోనే మొదలవుతాయి. నేను తెలుగులో పరీక్షించనే లేదు. కాక తెలుగులో పంపాడు. నోటితో చెప్పి పంపాడు.

పట్టిక తెరిచి నోటు పుస్తకంలో ఒక్కోటీ విప్పుకుంటూ రాశాను. 0సి38, స. 0సి3ఇ, దీర్ఘం. 0సి30, ర. 0సి42, కొమ్ముదీర్ఘం. సారూ. ఖాళీలతో కలిపి మొత్తం 41. పూర్తయ్యాక చదువుకున్నాను.

"సారూ రేపటిసంది రావద్దన్నరు నేనేం జెయ్యాలె"

దాని కింద నా యంత్రం జవాబు ఉంది. "అర్థం కాలె. హెల్ప్ అని పంపండి."

వడపోత తీసేసి ఆ రోజు లైన్లన్నీ తెరిచాను. నాలుగు నిమిషాల తర్వాత, ఒకటో నంబరు నుంచి, ఇంగ్లిషు అక్షరాలు ఒక్కోటీ వెతుక్కుని కొట్టిన మాట. "హెల్ప్."

యంత్రం జవాబు. "ఆన్, నిమిషాలు. ఆఫ్. స్టేటస్."

ఆ నంబరు నుంచి తర్వాత ఇంకొక్కటే లైను ఉంది. పదహారు గుర్తులు. 0సి07. 0సి28. 0సి4డి. 0సి28.

ఇన్న.

దానికి కూడా నా యంత్రం జవాబిచ్చింది. "అర్థం కాలె."